గోదాము గుమ్మం నుంచి ఎర్రగీత

మొన్న పొద్దున టీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, బస్సూ లారీ ఎలా గుద్దుకున్నాయో బాణం గుర్తులతో చూపించిన బొమ్మ కనబడింది. బొమ్మ బాగానే ఉంది గాని, రోడ్డు పక్కన ఒక చెట్టు, దాని మీద కాకి కూడా వేశారు. ఆ కాకిని చూసి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఇదే రంగూన్‌లో నా పడుచుతనంలో అలాంటి కాకులు వేసి నేనూ చివాట్లు తిన్నవాణ్ణే.

పంతొమ్మిదివందల ఇరవైల నాటి మాట. పజుండౌంగ్ పేటలో కొట్లకు బోర్డులు రాస్తూ, చుట్టపెట్టెల మీద నెమళ్ళు వేస్తూ బతికేవాణ్ణి. మా బావ, అంటే అక్క పెనిమిటి, బోటాటౌంగ్ రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. ఒక మధ్యాహ్నం పడవలో గోడలా పేర్చిన బస్తాలు కూలి, బావ జట్టులోని మనిషి వాటి కింద పడి చనిపోయాడు. ముందురోజే వాళ్ళిద్దరికీ మాటామాటా పెరిగి ఉండడంతో, బస్తాలు బావే తోశాడని, గోదాము గుమ్మంలో నిలబడి కళ్ళారా చూశానని కాపలావాడు చెప్పేశాడు. కేసు హైకోర్టుకెక్కింది. ఉరి కాకపోతే అండమాను అన్నారంతా. అక్క తిండి మానేసి నా ఎదుట కూలబడి, "ఒరే తమ్ముడూ, నీకు బొమ్మలొచ్చు గదరా, ఏటో ఒకటి సెయ్యి, మీ బావనట్టుకుపోతన్నార్రా" అంది. బొమ్మలతో కోర్టుకేం పని అని నేననుకున్నాను గాని, మా తరఫు బర్మా బారిస్టరుగారు అలా అనుకోలేదు.

రంగూన్ నది సంగతి నా ఈడువాళ్ళకు తెలుసు. పోటుకి పడవ గట్టుతో సమానంగా తేలుతుంది, ఆటుకి అదే పడవ నూతిలోకి దిగినట్టు కిందకు పోతుంది. ప్రమాదం జరిగింది ఆటు వేళ. ఆ వేళ గోదాము గుమ్మం నుంచి చూస్తే గట్టు అంచు తప్ప పడవ కనబడదు. ఈ ముక్కే బారిస్టరుగారు అంకెలు చదివి చెబుతుంటే, జ్యూరీలోని దొరలూ వర్తకులూ విసనకర్రలు ఊపుకుంటూ కునికిపాట్లు పడ్డారట. అందుకే బొమ్మ వెయ్యమని నన్ను పిలిపించారు.

వేశాను. నా తెలివి మండినట్టే ఉంది. వెనకాల బంగారు పగోడా, ఆకాశంలో కొంగలు, నాలుగు మూలలా పూలు, కింద వంకర తిప్పి నా సంతకం! అందులో పడవ ఎక్కడుందో వెతుక్కోవాలి. బారిస్టరుగారు చాలాసేపు చూసి, పగోడా తియ్యి, కొంగలు తియ్యి, పూలు తియ్యి, ముందు నీ పేరు తియ్యి అన్నారు. చివరికి పడవలో తలపాగాతో ముచ్చటగా వేసిన మా బావను కూడా తీయించేశారు. ఏడుపొచ్చినంత పనైంది.

చివరికి మిగిలింది గోదాము, గట్టు, నీళ్ళు, గుమ్మంలో ఒక మనిషి. ఆ మనిషి కంటినుంచి గట్టు అంచు మీదుగా నది మీదికి ఒక ఎర్రగీత తిన్నగా లాగాను. పడవను మాత్రం వేరే అట్టముక్క మీద కత్తిరించి, పైకీ కిందికీ జరిగేలా అమర్చాను. పడవ గీతకు పైకి వస్తే ఆ మనిషికి కనబడుతుంది, కిందకు పోతే కనబడదు, అంతే.

మర్నాడు జడ్జిగారి అనుమతితో దాన్ని జ్యూరీ ముందు పెట్టారు. జ్యూరీలోని పెద్ద దొర పడవను పోటుకి లాగాడు, ఆటుకి దింపాడు, మళ్ళీ లాగాడు. పక్కనున్న చైనా వర్తకుడు ఆయన చేతిలోంచి ఇంచుమించు లాక్కున్నాడు. ఒకరి తరవాత ఒకరు చిన్నపిల్లల్లా పడవను దించి చూసి, కాపలావాడి వంక తల తిప్పి చూస్తుంటే నా గుండె ఎగిరి గంతేసింది. నిర్దోషి అన్నారు! కోర్టు మెట్ల మీద మావాళ్ళు నన్ను భుజాలకెత్తుకున్నారు. కాపలావాణ్ణి నేను తిట్టుకోను, చప్పుడు విని, తగువు గుర్తొచ్చి, చూశాననే అనుకుని ఉంటాడు.

ఇంటికొచ్చాక బావ ఆ బొమ్మను ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, చిన్నబుచ్చుకున్న మొహంతో, "ఏట్రా, ఇంత బొమ్మేసినావు, పడవలో నానేడ్రా?" అన్నాడు. "నువ్వు కనబడవనే గదా బావా నెగ్గినాం" అన్నాను. అక్క నవ్వుతూనే ఏడ్చింది.

ఇప్పుడు జ్యూరీలు లేవు, బావా లేడు, అక్కా లేదు. యుద్ధం వచ్చినప్పుడు మావాళ్ళు సగంమంది ఇండియాకి నడిచి వెళ్ళిపోయారు, నేనిక్కడే ఉండిపోయాను. ఎప్పుడైనా బోటాటౌంగ్ వెళ్ళి గట్టు అంచుదాకా నడిచి కిందకు చూస్తాను. ఆటైనా పోటైనా, ఆ పడవల్లో మనవాళ్ళెవరూ కనబడరు.