ఇరవై నాలుగో కప్పు

అల్జియా చేతిలో ట్రే ఉంటే అడుగుల చప్పుడు వినపడేది కాదు. ఇరవై రెండేళ్ళు మంత్రుల సమావేశానికి కాఫీ ఇచ్చిన మనిషి. తలుపు భుజంతో తోసి, గోడ వెంబడే నడిచి, ఒక్కొక్కరి కుడిచేతి పక్కన కప్పు పెట్టి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేది. ఎవరికి చక్కెర వద్దో, ఎవరికి నారింజ పూల నీళ్ళు రెండు చుక్కలు వెయ్యాలో ఆమెకు తెలుసు. ఆమె పేరు మాత్రం ఆ బల్ల దగ్గర ఒక్కరికీ తెలియదు. కాఫీ ఇచ్చేవాళ్ళు ఆ గదిలో నోరు తెరవకూడదు. ఎక్కడా రాసి లేదు గానీ అందరికీ తెలిసిన సంగతే.

ట్యూనిస్‌లో, కస్బా గుట్ట మీది ఆ పాత భవనంలో కప్పులు కడిగే పని నాది. ఏడో తరగతితో బడి మాని చేరాను. అందరిలాగే మర్యాదగా లల్లా అల్జియా అని పిలిచేదాన్ని. రోజంతా పక్కపక్కనే ఉన్నా మా మధ్య పది మాటలు దాటేవి కావు. ఆమెకు మాట్లాడే అలవాటు పోయింది. నాకు మొదటినుంచీ లేదు.

ఆమెది దక్షిణాన ఫాస్ఫేటు గనుల ఊరు. మూడేళ్ళ కిందట అక్కడ పనివాళ్ళు సమ్మె చేస్తే పోలీసులు వచ్చి ఆమె తమ్ముడు లఖ్దర్‌ను పట్టుకుపోయారు. తల్లి ఫోను చేసింది.

"వారం వారం ఆ మంత్రికి నీ చేత్తో కాఫీ ఇస్తావు కదే. ఒక్క మాట. వాడి పేరు ఒక్కటి ఆయన చెవిన వెయ్యి."

ఆ బుధవారం అల్జియా లోపలికి వెళ్ళింది. హోం మంత్రి పక్కన కప్పు పెట్టింది. వచ్చేసింది. తర్వాతి బుధవారమూ అంతే. లఖ్దర్ జైల్లో ఉండగానే తల్లి పోయింది. పదిహేను నెలలకు విడుదలైన తమ్ముడు ఆమె ఫోను ఎత్తలేదు. పండక్కి ఊరు వెళ్తే తలుపు తీశాడట, లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడట. ఇదంతా ఒకసారి కప్పులు తుడుస్తూ చెప్పింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

2011 జనవరిలో అధ్యక్షుడు జనం తిరుగుబాటుకు జడిసి విమానమెక్కి పారిపోయాడు. కొత్త మంత్రివర్గం అన్నారు, చూస్తే సగం పాత మొహాలే. లోపలి ఊళ్ళ నుంచి జనం దుప్పట్లతో వచ్చి మా కిటికీ కింద మైదానంలో రాళ్ళ మీదే మకాం పెట్టారు.

"పాత చొక్కాకి కొత్త బొత్తాలు కుట్టి తొడుక్కోమంటే తొడుక్కుంటామా!" అని మైకులో ఒకడు అరిచేవాడు. "తొడుక్కోం!" అని మైదానమంతా. లోపల ట్రే మీద చెంచాలు అదిరేవి.

మూడో రోజు లల్లా అల్జియా కిటికీ దగ్గర ఆగిపోయింది.

"అదిగో, బూడిద రంగు ముసుగు అంగీ. మా అమ్మ నేసింది. మావాడే."

అలమర అడుగు నుంచి నీలం కూజా తీసింది. తను ఒక్కతే తాగడానికి ఊరి టీ అందులో కాచుకునేది, తారులాగా చిక్కగా. వాళ్ళ ఊళ్ళో టీ మూడు విడతలు పోస్తారు. మూడో గ్లాసు కలిసి తాగి లేచినవాళ్ళ మధ్య ఇక తగువు లేనట్టే. అది కాగుతున్నంతసేపూ ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి వస్తూనే ఉంది. ట్రే అందుకుంది, ఆరు కప్పులు సర్దింది. చక్కెర డబ్బా పట్టుకుని నేను వెనకాలే మైదానంలోకి నడిచాను.

ఏ కప్పులు పెట్టిందో ఆమె చూసుకోలేదు. రోజూ వాటినే కడిగే నేనూ చూడలేదు. చెయ్యి అలవాటు అలాంటిది.

"లెండ్రా, లెండి! మంత్రివర్గం దిగొచ్చింది, టీ పట్టుకుని!" అన్నాడు బుబకర్ అనే వాళ్ళ ఊరివాడు. అందరూ నవ్వారు. "ఏం అక్కా, విషం కలపలేదు గదా?"

"కలిపితే ముందు పోయేది నేనే," అంటూ కాచినవాళ్ళు చెయ్యవలసినట్టు మొదటి గుక్క తనే తాగింది. అంత గట్టిగా ఆమె గొంతు నేనెప్పుడూ వినలేదు.

వాళ్ళు తాగారు. లఖ్దర్ కూడా కప్పు అందుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. బంగారు అంచు, కింద ప్రభుత్వ ముద్ర. దాని మీద బొటనవేలు పెట్టి రుద్దాడు.

"దీంట్లోనే తాగేవాడా?"

"ఎవరు?"

"నువ్వు కాఫీ ఇచ్చినాయన."

"ఎవరి కప్పని ఉండదు. కడిగి వాడతాం."

"అయితే ఇదే అయ్యుండొచ్చు."

ఆమెకు అబద్ధం రాదు. "అయ్యుండొచ్చు," అంది.

నిండు కప్పును రాయి మీద పెట్టేశాడు.

"మన గ్లాసులు లేవా నీ దగ్గర?"

"ఉన్నాయిరా. తొందర్లో..."

"మూడేళ్ళ కింద లేకపోయింది ఈ తొందర," అని ముసుగు లాక్కుని అటు తిరిగాడు.

గుమ్మంలోంచి మేనేజరు కేకలు పెడుతున్నాడు, సీ నూరుద్దీన్ అని గౌరవంగా పిలిచేవాళ్ళం. మిగతా ఐదు కప్పులు ఏరుకుని వచ్చేశాం. రెండో విడత టీ కూజాలోనే చల్లారింది.

ఆ సాయంత్రమే పాత మంత్రుల్ని తీసేసినట్టు ప్రకటించారు. మర్నాడు పోలీసులు గ్యాసు వదిలి మైదానం ఖాళీ చేయించారు. లల్లా అల్జియా వెళ్ళి వెతికింది. ఒంటి చెప్పులు, తడిసిన దుప్పట్లు. మనిషీ లేడు, కప్పూ లేదు.

కొత్త మంత్రుల మొదటి సమావేశానికి ఇరవై నలుగురు. కప్పులు ఇరవై మూడు.

"మింగేశావా ఏం? ఇవాళే దొరికిందా నీకు!" అని సీ నూరుద్దీన్ ఎగిరాడు. ఆమె అలమరలోంచి తన టీ గ్లాసు తీసి, కాఫీ పోసి ట్రే మీద పెట్టింది.

తలుపు సందులోంచి చూస్తున్నాను. ఆ గ్లాసును కొత్త హోం మంత్రి పక్కనే పెట్టింది.

"అందరికీ కప్పులు, నాకు గ్లాసా? కొత్తవాణ్ణనా అమ్మా?" అన్నాడాయన నవ్వుతూ. బల్ల చుట్టూ నవ్వారు.

ఆమె వెనక్కి రావాలి. రాలేదు.

"మీ కప్పు మా తమ్ముడి దగ్గరుందయ్యా. లఖ్దర్ అంటారు. మీ శాఖవాళ్ళు పదిహేను నెలలు జైల్లో పెట్టారు."

నవ్వులు ఆగాయి.

"ఎప్పుడు?"

"మూడేళ్ళయింది."

"ఇప్పుడు బయటే ఉన్నాడుగా?"

"ఉన్నాడయ్యా."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

ఆయన మెత్తగానే అడిగాడు.

"ఏం వద్దయ్యా. అప్పుడు చెప్పాల్సిన మాట," అని గోడ వెంబడే బయటికి వచ్చింది. ఆమెను పనిలోంచి తీసెయ్యలేదు. అసలు ఎవరూ ఏమీ అనలేదు.

పది రోజుల తర్వాత చేతికి కట్టుతో బుబకర్ గేటు దగ్గరికి వచ్చాడు. కాగితం పొట్లం నాకు ఇచ్చాడు.

"లఖ్దర్ ఇచ్చి రమ్మన్నాడు. సర్కారు సొత్తట, తగ్గితే దొంగతనం మీ లల్లా నెత్తిన పడుతుందట."

లోపలికి తెచ్చి ఇచ్చాను. తమ్ముడి మాట చెబితే ఆమె మొహం వెలిగింది. పొట్లం విప్పింది. కప్పు తళతళలాడుతోంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"కడిగి పంపాడు," అంది.

నేను అర్థం కాక చూశాను.

"మా వైపు సొంతవాళ్ళ గ్లాసు కడిగివ్వరు బిడ్డా. పరాయి ఇంటిదే కడిగి ఇస్తారు."

నేను గేటు దాకా పరుగెత్తాను. బుబకర్ వీధి మలుపులోనే ఉన్నాడు, ఊరికెళ్ళే బండి ఎక్కుతున్నాడు. కడిగింది నువ్వా, అతనా? అంతే అడగాలి. మైదానం మట్టి పట్టిందని దారిలో ఇతనే కడిగి ఉండొచ్చు. వీధి నిండా జనం. నోరు పెగల్లేదు. బండి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేసరికి కప్పును ఇరవై మూడింటి పక్కన సర్దేసింది. ఎక్కడికి పరుగెత్తావని అడగలేదు. నేనూ చెప్పలేదు.

బుధవారం ఇరవై నాలుగు కప్పులూ ట్రే ఎక్కాయి. అందులో అది ఏదో ఆమెకు తెలుసేమో. ఎవరు కడిగారో అడగలేకపోయిన నేను మాత్రం ఆ రోజు ప్రతి కప్పునూ రెండుసార్లు కడిగాను.