మా అక్క డిస్కో, మా బాపు సెకండ్ షిఫ్టు

మొన్న ఆదివారం మా అమ్మాయి కాలేజీ ఫంక్షన్‌కు పెద్దమ్మ చమ్కీల కోటు కావాలని పట్టుబట్టింది. పెద్దమ్మ అంటే మా అక్క. కోటు అంటే మోకాళ్ళ దాకా వేలాడే నల్ల శాటిన్ గుడ్డ, దాని మీద గింజ పట్టేంత జాగా వదలకుండా వెండి చమ్కీలు. కుట్టింది నేనూ మా అమ్మా. వారం రోజులు అన్నం గిన్నెలో కూడా చమ్కీలు తేలేవి. అటక మీది ట్రంకుపెట్టె దింపి తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. చమ్కీల సందుల్లో నల్లటి పొడి ఇంకా అలాగే ఉంది, గోదావరిఖని బొగ్గు. మా అమ్మాయి కోటు తొడుక్కుని అద్దం ముందు ఇటూ అటూ తిరిగి, "అమ్మా, పెద్దమ్మ నిజంగనే ఫేమసా? ఊకనే చెప్తున్నరా?" అని అడిగింది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఫేమసా అట! బడిలో ముప్పై మంది పిల్లలు ఒకేసారి అరిచినా కోపం రాని టీచరమ్మను నేను, ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం రాత్రి వంట ఆపి మరీ కూర్చోబెట్టి చెప్పాను.

గోదావరిఖని నుంచి రామకృష్ణాపూర్ దాకా, అక్కడి నుంచి కాసిపేట దాకా, రెండువేల సంవత్సరం దాటాక ఓ పదమూడేళ్ళు, "డిస్కో అక్క" అంటే మా అక్కే. చాయ్ హోటళ్ళ గోడల మీద, సైకిల్ షాపుల తలుపుల మీద ఆమె పోస్టర్లు ఉండేవి. ఎన్నికలొస్తే నాయకుల పోస్టర్లు అంటించేవాళ్ళు కూడా ఆమె ముఖం వదిలిపెట్టి పక్కన అంటించేవారు. లోకమంతా డిస్కోను మర్చిపోయి చాలా కాలమైంది గానీ మా ఖనికి అది ఆలస్యంగా వచ్చి, వచ్చాక పోనంది. ఎనిమిది గంటలు బొగ్గుబాయిలో చీకట్లో పనిచేసి పైకి వచ్చిన మనిషికి గిరగిరా తిరిగే రంగు లైట్లు నచ్చాయంటే అందులో వింతేముంది? అక్క పాటకు ముందు వరసలో కూర్చున్న ముసలి కార్మికులు కూడా కండువాలు తిప్పేవారు. వాళ్ళ భార్యలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, ఇంటికి పోయాక మాత్రం చీవాట్లు పెట్టేవారు.

మా బాపు, అంటే మా నాన్న, బాయిలో హాలేజీ ఇంజన్ నడిపేవాడు. బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో లోపలి నుంచి లాగే యంత్రం అది. ఆరడుగుల మనిషి, మాట తక్కువ. ఆదివారం మాత్రం తెల్ల అంగీ వేసుకుని చర్చిలో ముందు నిలబడి కీర్తన ఎత్తుకునేవాడు. ఆయన సంఘ పెద్ద. ఆ పెద్దరికం అంటే ఆయనకు ప్రాణం. వారమంతా మసి పూసుకున్న మనిషిని లేచి నిలబడి పలకరించేది అక్కడే కదా. అక్కకు పాట నేర్పిందీ ఆయనే. పదేళ్ళ పిల్లగా అక్క కీర్తన అందుకుంటే వెనక బెంచీల వాళ్ళు కూడా పుస్తకాలు మూసి వినేవారు. అలాంటి గొంతు ఇంటర్ అయ్యాక కాలనీ క్లబ్బు వార్షికోత్సవంలో ఒక డిస్కో పాట పాడింది. మర్నాడే బొగ్గు కంపెనీ ఆఫీసులో క్లర్కుగా పనిచేస్తూ సాయంత్రాలు ఆర్కెస్ట్రా నడిపే ఒకాయన, చంకలో కీబోర్డు పెట్టుకుని మా క్వార్టర్ ముందు స్కూటర్ ఆపాడు. మా ఇంట్లో చాయ్ తాగి, అక్కను ఆర్కెస్ట్రాకు అడిగాడు. ఆ కీబోర్డాయనే నాలుగేళ్ళకు మా బావ అయ్యాడు గానీ అప్పటికి మాకు ఉత్త చాయ్ ఖర్చు.

బాపు అవునని అనలేదు, కాదనీ అనలేదు. అది సంఘానికి చేరింది. దేవుని పాట పాడిన నోటితో అదేం పాట, ఆ గంతులేంది అని పెద్దలు కూర్చున్నారు. బిడ్డనన్నా ఆపు, పెద్దరికమన్నా వదులు అనేదాకా వెళ్ళింది. ఆ రోజు చర్చి వరండాలో నేనూ ఉన్నాను. బాపు లేచి, "నా బిడ్డను పాడొద్దని నేనన. దేవుడిచ్చిన గొంతు, నేనెవన్ని ఆపేటానికి? కాని దాని ఆట ముందర గాని, పాట ముందర గాని నేను కూసోను. ఇది నా మాట," అన్నాడు. పెద్దలు దానికి ఒప్పుకున్నారు. అక్క మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు. ఊరంతా వచ్చి కూర్చున్నా, పాట నేర్పిన మనిషి రానప్పుడు ఆ పాట ఎవరి కోసం?

అప్పటి నుంచి ఒకటే వరస. ఎక్కడ ప్రోగ్రామ్ ఉన్నా అక్క అమ్మను అడిగేది, "బాపు ఇయ్యాల వస్తడా?" అని. అమ్మ చీర మడత పెడుతూనో, బియ్యం చెరుగుతూనో తలెత్తకుండా, "డ్యూటీల ఉన్నడు బిడ్డా, సెకండ్ షిఫ్టు," అనేది. సెకండ్ షిఫ్టు అంటే మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు. ఆర్కెస్ట్రా మొత్తం అందులో మునిగిపోతుంది. మొదటి ఏడాది మేము నమ్మాం. తర్వాత కేలెండర్ చూస్తే తెలిసింది, ఫస్ట్ షిఫ్టు పడాల్సిన వారంలో కూడా ప్రోగ్రామ్ రోజు ఆయనది సెకండ్ షిఫ్టే. అంటే కావాలని మార్చుకుంటున్నాడు. బాయిలో అది మామూలే, షిఫ్టు చూసుకునే ఓవర్‌మన్‌కు చెప్పి ఒకరి డ్యూటీ ఒకరు చేసుకుంటారు. ఇంట్లో ఉంటే పాట చెవిన పడుతుందని, భూమి కిందికి పోయి దాక్కుంటున్నాడని మేము అనుకున్నాం. అక్క ఒకసారి నాతో, "చూస్తే చూడకపోయె, మా బాపు నా పాటకు బాయిల దాసుకునుడేందే?" అని ఏడ్చింది. నేను అప్పుడు బాపు మీద పెంచుకున్న కోపం చాలా ఏళ్ళు మోశాను.

కానీ అక్క ఆగే మనిషి కాదు. ఆర్కెస్ట్రాలో పేరొచ్చాక బస్టాండులో అమ్మే సీడీ సినిమాల్లో వేసింది. తాగొచ్చిన మొగుణ్ణి చీపురుతో తరిమే భార్య వేషం ఆమెకు రాసిపెట్టినట్టుండేది. చీపురు మాత్రం మా ఇంటిదే. అవి చూసిన వాళ్ళెవరో హైదరాబాదుకు పిలిపించారు. ఒక సినిమాలో క్లబ్బు పాట, దానితో పాటు హీరోయిన్ స్నేహితురాలిగా నాలుగు మాటలు. తోడుగా నేను వెళ్ళాను. అక్కడొక సంగతి జరిగింది. పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఆగి, ఒక్కసారి "టంగ్" మని గంట మోగుతుంది. ఆ గంట వినగానే అక్క ఉన్నది ఉన్నట్టు ఆగిపోయింది. చెయ్యి గాల్లో, కాలు సగం పైన, రెప్ప కూడా వేయలేదు. వెనక ఆడుతున్న పదహారు మంది వచ్చి ఆమెను గుద్దుకున్నారు. డాన్సు మాస్టర్ నెత్తి బాదుకున్నాడు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది, ఎందుకంటే గంట వినగానే కుర్చీలో నేనూ బిగుసుకుపోయాను. చిన్నప్పుడు బాపు మాతో రైలాట ఆడేవాడు, స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడుతూ. బాయిలో తాడు కదులుతుండగా ఒక్క గంట కొడితే ఆగు అని అర్థం. "ఆగకపోతే టబ్బులు మనుషుల మీదికొస్తయి. ఒక్క గంట కొడితే పానం పోయేటట్టున్నా ఆగాలె," అని ఆటలోనే నేర్పాడు. నేను ఆ సంగతి చెప్పగానే మాస్టర్ పదహారు మందినీ అలాగే ఆగమన్నాడు. పాటకు పేరొచ్చింది ఆ ఆగడం వల్లే. ఖనిలో సినిమా ఆడినప్పుడు గంట మోగి అక్క ఆగగానే హాలు హాలంతా లేచి నిలబడింది. మిగతా ఊళ్ళలో అదొక స్టయిల్ అనుకున్నారట. మా వాళ్ళకు తెలుసు, అది హాలేజీ బిడ్డ అని. బాపు ఆ సినిమాకూ రాలేదు. ఆ రోజూ సెకండ్ షిఫ్టే.

తర్వాత టీవీ సీరియల్‌లో వదిన వేషం వచ్చింది. సాయంత్రం సీరియల్ మొదలవగానే బాపు కుర్చీ ఎత్తుకుని వరండాలోకి వెళ్ళేవాడు. అక్కడి నుంచి, "సౌండు గట్టిగ పెట్టుకోండ్రి, నాకేం ఇబ్బంది లేదు," అనేవాడు. మాకు నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది. ప్రోగ్రామ్ మర్నాడు పొద్దున్నే చాయ్ హోటల్ దాకా వెళ్ళొచ్చి అమ్మతో, "మిరియాల పాలు కాచి దాని ఇంటికి పంపు, గొంతు బొంగురు పోయింది," అనేవాడు. అక్క ఇల్లు రెండు లైన్ల అవతలే. గొంతు సంగతి ఆయనకెలా తెలిసిందని మేమెవ్వరమూ అడగలేదు. కోపంలో ఉన్నవాళ్ళకు అలాంటి ప్రశ్నలు తోచవు.

తెలంగాణ వచ్చిన నెల ఆఖరున బాపు రిటైరయ్యాడు. కాలనీలో గులాబీ రంగు ఇంకా గోడల మీద ఆరనే లేదు. మా దగ్గర రిటైర్మెంటు అంటే పెళ్ళి కంటే తక్కువేం కాదు. చివరి షిఫ్టు దిగిన మనిషిని తోటివాళ్ళు దండలతో ముంచి, డప్పులతో బాయి నుంచి ఇంటిదాకా ఊరేగిస్తారు. సాయంత్రం కమ్యూనిటీ హాల్లో సభ. ఒక్కొక్కరూ మైకు పట్టుకుని ఆయనతో పనిచేసిన రోజులు చెప్పాలి. పొగడ్తలతో పాటు గుట్లు కూడా బయటపడేది అక్కడే. ఆ తర్వాత ఆర్కెస్ట్రా. బాపు తోటివాళ్ళు మా బావనే పిలిచారు. చమ్కీల కోటు వేసుకుని అక్క తెర పక్కన నిలబడి ఉంది. సభ అయ్యి ఆర్కెస్ట్రా మొదలవగానే బాపు లేచి వెళ్ళిపోతాడని ఆమెకు తెలుసు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇయ్యాల గూడ లేసిపోతే నేను ఇగ పాడనే," అంది. ఉత్త మాట కాదది. మా అక్క నోట అలాంటి మాట నేను ఎప్పుడూ వినలేదు.

బాపుతో పాటు ఆ బాయిలో హాలేజీ నడిపేవాళ్ళు ఇంకో ముగ్గురుండేవారు. వాళ్ళలో పెద్దాయన, మేము చిన్నాయన వరసలో 'కాక' అని పిలిచే ఆయన, మైకు పట్టుకున్నాడు. "అందరు మా అన్న మంచోడని చెప్పిండ్రు. నేను ఈయన సతాయించిన సంగతి చెప్త," అన్నాడు. హాలు నవ్వింది. "ఈయన బిడ్డ ప్రోగ్రామ్ ఎప్పుడుంటే అప్పుడు మా ముగ్గుర్ల ఎవనిది సెకండ్ షిఫ్టు ఉంటే వాని డ్యూటీ ఈయన చేస్తడు. నువ్వు పో, ముందల కూసో, మంచిగ సూడు అని తోలుతడు. పదమూడేండ్లు! తెల్లారి చాయ్ హోటల్ల పరీచ్చ. ఏం పాట పాడింది, ఏం బట్టలేసుకున్నది, ఎన్ని ఈలలు పడ్డయి, గొంతెట్లున్నది... ఒకసారి నేను నిద్రపోయిన. ఏదో పాట పేరు చెప్పిన. 'గా పాట నా బిడ్డ పాడది, నువ్వు పన్నవు' అని పట్టుకున్నడు. వారం రోజులు నాతోటి మాట్లాడలే!" హాలంతా పగలబడి నవ్వింది. మేమిద్దరం నవ్వలేదు. అక్క నా చెయ్యి వదిలేసింది. పదమూడేళ్ళు మేము దాక్కోవడం అనుకున్నది, పాట చూసే కళ్ళను పంపడం. తాను మాట తప్పకూడదు, బిడ్డ పాట ఒక్కటీ పోకూడదు. దానికి ఆ మనిషికి తోచిన దారి, ఇంకొకడి ఎనిమిది గంటలు తాను చేయడం. నేను ఇన్నేళ్ళూ ఎవరి మీద కోపం మోశాను?

చివర బాపు లేచాడు. దండలు తీసి కుర్చీ మీద పెట్టి, ముందు వరసలో ఉన్న పాస్టరు వైపు తిరిగాడు. "అయ్యగారూ, మాట ఇచ్చిన, నిలబెట్టిన. ఇన్నేండ్లు మార్చుకుంటానికి డ్యూటీ ఉండె. ఇయ్యాలటి సంది అది గూడ లేదు. నేను యాడికి పోవాలె? పెద్దరికం ఎవరికన్న ఇయ్యుండ్రి. నేను నా బిడ్డ పాట ముందర కూసుంట," అన్నాడు. పాస్టరు తన పక్క కుర్చీ మీది సంచి తీసి కింద పెట్టి, "రా పెద్దన్నా, నేను గూడ ఎన్నడు సూడలే," అన్నాడు. బాపు వెళ్ళి కూర్చున్నాడు, బడిలో కొత్తగా చేరిన పిల్లాడిలా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. అక్క మైకు ముందుకొచ్చింది. బావ వాయిస్తున్నాడు, ఆమె నోరు తెరవడం లేదు. ఎవరో పెద్దమనిషి వెనక నుంచి, "బాపు కోసం ఒక కీర్తన పాడు బిడ్డా," అన్నాడు. అక్క తలూపబోయింది. బాపు చెయ్యి ఎత్తాడు. "గది నేను ఐతారం ఐతారం చర్చిల వింటనే ఉన్న. ఊరందరు విన్నది నాకు పాడు," అన్నాడు.

పాడింది. మా అక్క పాడిన పాటలన్నీ విన్న దాన్ని నేను, అలా పాడగా ఎన్నడూ వినలేదు. బాపు మొదట కదలకుండా కూర్చున్నాడు, తర్వాత పాదం, తర్వాత తల, చివరికి తెల్ల కండువా తీసి గాల్లో తిప్పాడు. సంఘం ఆయన పెద్దరికాన్ని తీసేయలేదు, తీసేసినా ఆయనకు పట్టేది కాదేమో. ఆ తర్వాత నాలుగేళ్ళే ఉన్నాడు. ఆ నాలుగేళ్ళలో ఎక్కడ ప్రోగ్రామ్ ఉన్నా అందరికంటే ముందు వెళ్ళి కూర్చునేవాడు, పక్కన కూర్చున్న కొత్తవాళ్ళకు, "నా బిడ్డనే," అని అడగకముందే చెప్పేవాడు. పదమూడేళ్ళు పోయాయే అని నేను ఇప్పటికీ లోపల్లోపల ఏడుస్తాను. మా అక్క మాత్రం తనకు నాలుగేళ్ళు దొరికాయంటుంది.