నేను పెట్టని సంతకం

మా మామ నన్ను ఇప్పటివరకు ఒక్కసారి కూడా అల్లుడా అని పిలవలేదు. పెళ్లికి ముందు నేను "ఆ పిలగాడు", పెళ్లయ్యాక "పిలగా". నాకు ముప్పై ఒకటి దాటాయి, నెత్తి మీద సగం వెంట్రుకలు బహ్రెయిన్ ఉప్పునీళ్లకు ఊడిపోయాయి, అయినా ఆయనకు నేను పిలగాణ్ణే. ఆయన మీద కోపంతోనే ఇది రాయడం మొదలుపెట్టాను. ఆ కోపం చివరికి ఎవరి మీదికి తిరుగుతుందో తెలుసు కాబట్టే ఇన్నాళ్లూ రాయలేదు.

నా భార్యా నేనూ నిజామాబాదులో డిగ్రీ ఒకే క్లాసులో చదివాం. రెండో ఏడాదిలో ఉండగా, వాళ్ల మేనత్త ఎప్పుడో వేసిన ఫైలు కదిలి ఆమె కుటుంబమంతా అమెరికా వెళ్లిపోయింది. డిగ్రీ కాగానే నేను ఇక్కడికి, బహ్రెయిన్‌కు వచ్చాను. తొమ్మిదేళ్లు ఫోన్లోనే పోట్లాడుకున్నాం, ఫోన్లోనే రాజీ పడ్డాం. అక్కడి పౌరసత్వం వచ్చిన మరుసటి ఏడు ఆమె ఒక్కతే విమానం దిగి నన్ను రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుంది. మామ రాలేదు. "దుబాయోనికి నా బిడ్డనియ్య" అన్నాడట. గల్ఫ్‌లో ఎక్కడున్నా మా వైపు దుబాయే. ఇవ్వమని ఆయన్ని అడిగిందెవరు?

పెళ్లయ్యాక ఆమె బహ్రెయిన్ వచ్చి ఇరవై ఐదు రోజులు ఉంది. గుదైబియా అనే పేటలో నాతో గది పంచుకునే ముగ్గురూ తమ సామాను పక్క ఫ్లాటులోకి చేర్చి మాకు ఆ గది వదిలారు. మేం కలిసి కాపురం చేసింది ఆ ఇరవై ఐదు రోజులే. తర్వాత ఆమె నర్సింగ్ చదువుకు తిరిగి వెళ్లింది, నేను అస్కర్‌లో నా డ్యూటీకి వెళ్లాను.

నేను టైంకీపర్ని. అల్యూమినియం ఫ్యాక్టరీకి మనుషుల్ని పంపే ఒక కాంట్రాక్టు కంపెనీలో, మూడు వందల మంది ఎన్ని గంటలు పనిచేశారో రాయడం నా పని. ఫోర్‌మన్ రాసిచ్చిన షీటు ఒక చేతిలో, వేలిముద్ర మిషన్ లెక్క ఇంకో చేతిలో పెట్టుకుని రెండూ కలవని చోట గీత కొడతాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని క్యాంపులో నా గురించే అంటారు. అననివ్వండి. అరగంట ఓవర్‌టైం దొంగగా రాయించుకుందామని నా టేబుల్ దగ్గరికి చాయ్ తెచ్చినవాడికి ఆ చాయ్ అతని చేతే తాగించి పంపాను. గంటల విషయంలో నన్ను ఎవరూ మోసం చేయలేరని నాకు గర్వం.

ఆమె నా పేరున వేసిన గ్రీన్‌కార్డు ఫైలు సజావుగానే సాగింది. ఆర్థిక పూచీ ఫారం దగ్గర ఆగింది. భర్తను తెచ్చుకునే భార్య, అతను అక్కడ ప్రభుత్వానికి భారం కాకుండా చూసుకునేంత ఆదాయం తనకుందని చూపాలి. ఆమె చదువుకుంటూ మందుల షాపులో వారానికి పదిహేను గంటలు పనిచేస్తోంది. అది ఏ మూలకూ చాలదు. మరి నా జీతం? ఇక్కడి కొలువు వదిలేసి వచ్చేవాడి జీతం లెక్కలోకి రాదట. పన్నెండు నెలలూ ఎండలో మాడి సంపాదించింది ఆ ఫారంలో సున్నా. అది చదివిన రోజు కాగితం నలిపి గోడకు కొట్టాను, తర్వాత ఏరుకుని సాపు చేసుకున్నాను.

ఆదాయం చాలకపోతే అక్కడ స్థిరపడిన ఇంకొకరు జతగా పూచీ పడవచ్చు. మామకు మంచి జీతం ఉంది. మేనత్త "మీ నాన్న పెట్టంది నేనెట్ల పెడత బిడ్డా" అని తప్పుకుంది. కాబట్టి మిగిలింది మామే. ఆయన సరేనన్నాడు, కానీ ముందు నేనొక కాగితం మీద సంతకం పెట్టాలన్నాడు.

పెద్దమనుషుల ముందు పెట్టాలట. ఎక్కడికి వెళ్లినా ఈ పెద్దమనుషుల జబ్బు మనల్ని వదలదు. శుక్రవారం సాయంత్రం వీడియో కాల్‌లో పంచాయితీ కూర్చుంది. అక్కడ వాళ్లకు పొద్దున. సోఫాలో నడుమ మామ, అటూ ఇటూ మా జిల్లా వాళ్లే ఇద్దరు పెద్దమనుషులు, చేతుల్లో కాఫీ కప్పులు. నా భార్య తన కాలేజీ దగ్గరి గది నుంచి తెర మీద ఇంకో చిన్న డబ్బాలో కనిపిస్తోంది. నేను గుదైబియాలో మంచం మీద, వెనకాల ఆరేసిన నలుగురి బనియన్లతో.

ఒక పెద్దమనిషి కాగితం చదివాడు. విడిపోతే మామ దగ్గర పైసా అడగను. అక్కడ ప్రభుత్వ సాయం ఏదైనా తీసుకుని ఆ భారం మామ మీద పడితే నేనే కడతాను. మూడో షరతు, ఈ పెళ్లి నేను గ్రీన్‌కార్డు కోసం చేసుకోలేదు.

"మూడోది ఎందుకు?" అన్నాను.

"నీ మనసుల ఏం లేకుంటే పెట్టడానికి ఏమాయె?" అన్నాడు కాగితం చదివిన పెద్దమనిషి. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టున్నది."

"పిలగా, జామీను పడుడంటే కొరివితోని తల గోక్కునుడే," అన్నాడు మామ. "రేపు మీరిద్దరు విడిపోయినా నా సంతకం పోదట. పదేండ్లు నా మెడకే. నా జాగ్రత్తల నేనుంటే తప్పా?"

తప్పు కాదు. ఆ ఫారంలో నిజంగానే అలా ఉందని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. విడాకులైనా ఆ పూచీ పోదు. కానీ ఆ సాయంత్రం నాకు వినిపించింది ఒక్కటే, తొమ్మిదేళ్లు ఎదురుచూసినవాణ్ణి దొంగ అంటున్నారని.

"మామా, నేను రోజూ మూడు వందల మంది హాజరు చూసేటోన్ని. మనిషిని నమ్మనోడే ఇసొంటి కాగితం రాయిస్తడు. నేను పెట్ట. మీ సంతకం మీ దగ్గరనే ఉంచుకోండ్రి."

"ఉన్న మాటంటే ఉలుకెక్కువ," అన్నాడు రెండో పెద్దమనిషి, అప్పటిదాకా కాఫీ తాగడం తప్ప ఏమీ చేయనివాడు. నేను ఫోన్ కట్ చేశాను.

పది నిమిషాలకు ఆమె ఫోన్ చేసింది. "పెట్టరాదు? కాగితమే గదా."

"నా ఇజ్జత్ అది."

"సరే," అంది. "ఫైలు నా సంపాదన మీదనే ఏద్దాం. జర టైం పడ్తది."

ఆ "సరే" విని నేను పొంగిపోయాను, చాలని సంపాదన ఎలా చాలుతుందని అడగలేదు. నా పెళ్లాం వాళ్ల నాన్నను కాదని నా పక్కన నిలబడిందని గదిలో చెప్పాను, కెఫటేరియాలో పరాటాలు తింటూ చెప్పాను, అస్కర్ బస్సులో పక్క సీటువాడికి కూడా చెప్పాను. "అమెరికా ఇల్లరికపు అల్లుడు" అని ఎగతాళి చేసేవాళ్లకు ఇదీ నా జవాబు. మా అమ్మ మాత్రం ఫోన్లో "నోరు మంచిదైతే ఊరు మంచిది కొడుకా" అని ఊరుకుంది.

అలా పద్నాలుగు నెలలు గడిచాయి. రోజూ మాట్లాడుకునేవాళ్లం. మీ నాన్న ఏమన్నాడు, మన గురించి ఎవరితో ఏం చెప్పాడు, ఇంకా ఆ కాగితం పట్టుకునే కూర్చున్నాడా అని రోజూ అడిగేవాణ్ణి. ఆమె తక్కువ మాట్లాడేది. అలసిపోయానని పెట్టేసేది. కాలేజీ ఎలా ఉంది అని నేను ఆ పద్నాలుగు నెలల్లో అడిగిన జ్ఞాపకం లేదు.

ఎంబసీ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఆమె తన ఆదాయం కాగితాలు పంపింది, ప్రింటు తీసి వెంట తీసుకెళ్లమని. అస్కర్ ఆఫీసులో పొద్దున పది గంటలకు ప్రింటర్ దగ్గర నిలబడి ఒక్కొక్కటే తీసుకున్నాను. ఆరు నెలల జీతం స్లిప్పులు. జీతం స్లిప్పు ఎవరిదైనా నా కళ్లు ముందు గంటల మీదికే వెళతాయి. అది అలవాటు.

వారానికి నలభై గంటలు మామూలు పని. ఇరవై రెండు గంటలు ఓవర్‌టైం. తర్వాతి వారం నలభై, ఇరవై రెండు. ఆ తర్వాతి వారం నలభై, ఇరవై నాలుగు. పండుగ వారాల్లో కూడా తగ్గలేదు. మా క్యాంపులో, ఫ్యాక్టరీని మరమ్మతులకు ఆపే షట్‌డౌన్ నెలలో, అప్పు మీద అప్పున్న మొండివాళ్లు చేసే గంటలవి. కంపెనీ ఇచ్చిన ఉత్తరం చూశాను. గోదాములో ప్యాకింగ్ పని, ఫుల్‌టైం. చేరిన తేదీ చూశాను. ఆ శుక్రవారం పంచాయితీ జరిగిన మూడో వారం.

వారానికి అరవై రెండు గంటలు గోదాములో నిలబడే మనిషి నర్సింగ్ కాలేజీకి వెళ్లలేదు. ఇది తెలుసుకోవడానికి ఎవరూ నాకు చెప్పనక్కరలేదు, నా వృత్తే అది. ఎవడో అరగంట ఎక్కువ రాస్తే పట్టుకునేవాణ్ణి, నా భార్య పద్నాలుగు నెలలు ఎక్కడుందో చూసుకోలేదు. ఆ రోజు షీట్లలో ఎవరి గంటలూ నేను కొట్టేయలేదు. ఫోర్‌మన్లు ఏం రాసిస్తే అదే ఎక్కించాను.

అక్కడ తెల్లవారే దాకా ఆగాలి. సాయంత్రానికి నా కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. తప్పు నాదైనప్పుడు నాకు కోపం ఎక్కువ వస్తుంది. ఆమె ఫోన్ ఎత్తగానే అరిచాను.

"చదువు బంద్ పెట్టినవా?"

"పెట్టిన."

"ఇంకెంత మిగిలింది?"

"రెండు సెమిస్టర్లు."

"మళ్ల చేరొచ్చా?"

"సీటు ఆగదు. మొదటికెళ్లి అప్లై చేసుకోవాలె."

"ఎందుకు చెప్పలే నాకు?"

"చెప్తే ఏం చేసెటోనివి?" అంది. అరవలేదు. "సంతకం పెట్టెటోనివా?"

పెట్టేవాణ్ణని వెంటనే చెప్పి ఉండాల్సింది. కానీ ఆ శుక్రవారం నాటి నేను పెట్టేవాణ్ణి కాదు. ఇంకొంచెం గట్టిగా అరిచి, నీ చదువు కోసం నన్ను దొంగనంటే పడమంటావా అనేవాణ్ణి. నన్ను నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"నీ ఇజ్జత్ నీ దగ్గరనే ఉన్నది," అంది. "దాని ఓవర్‌టైం నేను చేసిన. డ్యూటీకి టైమైతున్నది, పెట్టేస్తున్న."

ఆ వెంటనే, సిగ్గు ఇంకా వేడిగా ఉండగానే, మామకు ఫోన్ చేశాను. పద్నాలుగు నెలల్లో మొదటిసారి.

"మామా, ఆ కాగితం పంపుండ్రి. సంతకం పెడత. మీరు పూచీ పడితే ఆమె పని బంద్ పెట్టి కాలేజీకి పోతది."

"ఇప్పుడెందుకు పిలగా? బిడ్డ సంపాదన సరిపోయిందట గదా. మళ్ల నా పేరు పెడితే కాగితాలన్ని మార్చాలె, ఇంటర్వ్యూ ఎనకకు పోతది. ఇంకా ఆర్నెల్లు గోదాముల్నే ఉంటది. బిడ్డ రెండోసారి అడుగుతదని చూసిన. అడిగితే నీ సంతకం లేకున్నా పెట్టేటోన్ని. అడగలే. నీ మాట కింద పడొద్దని అడగలే."

"మీరే పెడతనని ఒక్కమాట చెప్పకపోతిరి?"

"చెప్తే నా మాట కింద పడేది," అన్నాడు.

ఆయన్ని అంతకుముందెప్పుడూ అంత అసహ్యించుకోలేదు. దగ్గరుంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. ఆ సోఫా మీద కూర్చున్నవాడూ, బనియన్ల ముందు కూర్చున్నవాడూ ఒకే అచ్చులో తీసిన రెండు ఇటుకలు. ఆ రెండింటి నడుమ ఆమె పద్నాలుగు నెలలు నిలబడి డబ్బాలకు టేపు వేసింది. "మంచిది మామా" అని ఫోన్ పెట్టేశాను.

ఇంటర్వ్యూ రోజు పొద్దున పోలీసు సర్టిఫికెట్, మెడికల్, పెళ్లి ఫోటోలు, అన్నీ వరుసలో పెట్టుకుని వెళ్లాను. అద్దం అవతల ఆఫీసరమ్మ మర్యాదగానే మాట్లాడింది. ఆదాయం కాగితాలు చేతిలోకి తీసుకుంది, పై కాగితం చూసింది, బొటనవేలితో మిగతావి ఒకసారి జారవిడిచింది, పక్కన పెట్టింది. అంతే. నేను ఒక దోసిట్లో నీళ్లు తాగేంత సేపు కూడా కాదు. ఆ అరవై రెండు గంటల వారాలన్నీ అలా జారిపోయాయి. ఆమెను ఆపి, అమ్మా, కొంచెం చదవండి అనాలనిపించింది.

"మీ భార్య ఏం చేస్తారు?" అని అడిగింది.

అప్పటిదాకా గుదైబియాలో అందరికీ నా భార్య నర్సని చెప్పుకున్నాను.

"గోదాములో పనిచేస్తుంది," అన్నాను. "ప్యాకింగ్."

ఆమె ఏదో టైపు చేసి, వీసా మంజూరైందని చెప్పి, పాస్‌పోర్టు ఎప్పుడు తీసుకోవాలో రాసి ఉన్న కాగితం కిటికీ కింద నుంచి జరిపింది.

సాయంత్రం నా భార్యకు ఫోన్ చేసి చెప్పాను. ఏడుస్తుందేమో, నవ్వుతుందేమో అనుకున్నాను. "మంచిగైంది," అంది. వెనకాల బస్సు చప్పుడు వినిపిస్తోంది.

"నా మీద కోపం పోలేదా?" అని అడిగాను.

"పోలే. ఫోన్ల ఎంతని కోపం చేస్త? నువ్వు కట్ చేస్తవ్, నేను కట్ చేస్త, ఐపోతది. ఇంటికి రా. ఎదురుంగ కూసోవెట్టి చేస్త. నువ్వు నడుమల లేచి పోవద్దు."

"పోను," అన్నాను.

"టికెట్ ఎప్పుడు చేసుకుంటవ్?"

పాస్‌పోర్టు చేతికొచ్చే రోజు చెప్పాను. ఆ మరుసటి రోజుకే చేసుకొమ్మంది.