ఎవరూ గెలవని బిస్కెట్ల పొట్లం

నా చిన్నప్పుడు ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళ గ్లాసు కంటే ముందు ఒక ప్రశ్న చేతికి అందేది. "మీదే ఊరు?" దానికి జవాబు చెప్పాకే కూర్చోమనేవాళ్ళు, ఆ తర్వాతే కాఫీ. నాకు ఆ జవాబు నాలుక చివరే ఉండేది. బొబ్బిలి. నాన్నగారికి రైల్వే ఆఫీసులో ఉద్యోగం రావడంతో మేము సికింద్రాబాదు వచ్చి బోయిగూడలో ఓ వాటాలో దిగాం. వచ్చి ఏడాది తిరిగినా నా దృష్టిలో అది మా ఊరు కాదు, నాన్నగారి ఆఫీసున్న ఊరు. ఊరికి కూడా నా మీద అలాంటి అభిప్రాయమే ఉండేది.

మా బడి పెద్ద చర్చి గోడకి ఆనుకుని ఉండేది. ఏటా బడి పండుగకి బిషప్పు గారు వచ్చేవారు. ఆయన ముందు ఒక అమ్మాయి 'మన ఊరి ప్రముఖులు' అని తెలుగులో మాట్లాడాలి. ఆ ఏడు తెలుగు టీచరు నన్ను ఎంపిక చేశారు. నా తెలివి చూసి కాదు, గొంతు చూసి. మైకు పాడైపోయినా చివరి వరస దాకా వినిపించే గొంతు నాది. ఇప్పటికీ అంతే, కావాలంటే మా ఇంటాయన్ని అడగండి. నేనైతే ఆ రోజు బడి నుంచి ఇంటిదాకా నేల మీద నడవలేదు. కొత్త చోట నన్నెవరైనా ఒక పనికి పిలవడం అదే మొదలు.

ఆ సంబరం శుక్రవారం దాకానే. మా క్లాసు లీడరు, రెండు జడలు వేసుకున్న పొడుగు పిల్ల, అందరి ముందూ లేచి నిలబడింది. "టీచర్, ఆమెది గీ ఊరు కాదు కదా. మా ఊరి గొప్పోళ్ళ గురించి ఆమెకేం తెలుసు?" క్లాసంతా తలలూపింది. మా టీచరుది మెత్తని మనసు, ఎవరినీ నొప్పించలేరు. "సోమవారం చూద్దాంలే" అన్నారు. పెద్దవాళ్ళు చూద్దాం అంటే అర్థం ఏమిటో ఆ వయసుకే నాకు బాగా తెలుసు. నా ఉపన్యాసం నా చేతుల్లోంచి జారిపోతోంది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. "ఏటే, అలా మొహం వేలాడేసుకున్నావు?" అంది అమ్మ. విషయం విని, "పోనీలేమ్మా, మనం కొత్తవాళ్ళం కదేటి, ఊరుకో" అంది. ఆ ఊరుకో అన్న మాటకి నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. కొత్తవాళ్ళు ఎన్నాళ్ళకి పాతబడతారో ఎవరూ చెప్పరు.

మా పక్కింట్లో ఒక తాత ఉండేవాడు. పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించి వాయించి రిటైరైన మనిషి. తిరుమలగిరి నుంచి బొల్లారం దాకా ఆయన ఊదని బారాత్ లేదని చెప్పుకునేవారు. ఊళ్ళో సగం మందికి పెళ్ళి జరిపించింది పంతులైతే, ఆ పెళ్ళి జరిగినట్టు వీధికి తెలియజేసింది ఈయన. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని పాత క్లారినెట్‌ని గుడ్డతో తుడుస్తుండేవాడు. వాయించేవాడు కాదు, ఊరికే తుడిచేవాడు. ఆ రోజు నా వాలకం చూసి పలకరించాడు.

"ఏందే బిడ్డా, మూతి గట్ల పెట్టినవ్? ఎవలన్న తిట్టిన్రా?"

అంతా చెప్పాను. ఆయన జాలి పడలేదు, నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "అట్లనా. అయితే ఐతారం పొద్దుగాల తయారయి ఉండు. ఊర్ల గొప్పోళ్ళందరినీ చూపిస్త. ఒక్కొక్కలని ఒక్కటే మాట అడుగు, మీదే ఊరు అని. ఎక్కువ మాట్లాడకు, నీకు కష్టమే గానీ" అన్నాడు.

ఆదివారం ముందుగా మూలమీది ఇరానీ బేకరీకి తీసుకెళ్ళాడు. అప్పుడే పొయ్యిలోంచి తీసిన ఉస్మానియా బిస్కెట్ల వాసన వీధి సగం దాకా వచ్చి మమ్మల్ని ఎదుర్కొంది. తాత ఒక పొట్లం కట్టించి నా ముక్కు ముందు ఊపాడు. "సూడు బిడ్డా. నువ్వు అడిగినంక 'సికింద్రాబాద్' అని ఎవలు చెప్తే, ఈ పొట్లం వాళ్ళది. చెప్పకపోతే నా జేబులనే ఉంటది." ఊరంతా సికింద్రాబాదు వాళ్ళే కదా, ఇంక ఆ బిస్కెట్లు నా దాకా ఎక్కడొస్తాయి?

బేకరీ సేఠ్‌తోనే ఆట షురూ చేయమన్నాడు. పెద్ద పొట్ట, తెల్ల మీసాలు, ఆ పేటలో ఆయన చాయ్ తాగకుండా తెల్లవారని వాళ్ళు ఎందరో. అడిగాను. సేఠ్ గర్వంగా మీసం దువ్వుకుని, "మాది ఇరాన్ బేటీ, యజ్ద్ అని పెద్ద షహర్" అన్నాడు. "ఎప్పుడు పోయొచ్చినవ్ సేఠ్?" అని తాత అడిగాడు. సేఠ్ కొంచెం తగ్గాడు. "పోలే. నేను పుట్టింది గీ బేకరీ వెనక కమ్రాలనే." తాత పొట్లాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. సేఠ్‌కి ఏం పోయిందో సేఠ్‌కి తెలియదు.

తరవాత తాలీంకి వెళ్ళాం. తాలీం అంటే కుస్తీలు నేర్పే చోటు. అక్కడి పహిల్వాన్‌ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాను, తలుపు నిండా మనిషి. ఊరు ఊరంతా ఆయన గెలిచిన కుస్తీల గురించి చెప్పుకునేది. అంత మనిషీ తాతని చూడగానే వంగి దండం పెట్టాడు, ఆయన పెళ్ళి ఊరేగింపుకి ఊదింది తాతే మరి. నా ప్రశ్నకి ఒళ్ళంతా మట్టి దులుపుకుంటూ, "మాది సిద్దిపేట దిక్కు, చెల్లే" అన్నాడు. అక్కడ మీకు ఇల్లుందా అంటే లేదన్నాడు, చుట్టాలున్నారా అంటే తల గోక్కున్నాడు. "మా నాయన చెప్పేటోడు గట్ల. నేను సుత గదే చెప్త."

దారిలో డాక్టరమ్మ ఎదురైంది. పార్శీ ఆవిడ, నల్ల గొడుగు, చేతిలో తోలు పెట్టె. ఆ పేటలో నా ఈడు పిల్లలందరినీ భూమ్మీదకి లాగింది ఆవిడే. సెలవు రోజు కూడా కాన్పు కోసం పోతోంది. మాది సూరత్ అని చెప్పి, గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయింది. తాత నాకేసి చూసి కన్ను గీటాడు. నాకు ఆట రుచి తెలిసింది. ఇంక కనబడిన వాళ్ళందరినీ అడగడం మొదలుపెట్టాను, గొప్పవాళ్ళనీ లేదు, మామూలు వాళ్ళనీ లేదు. పూలమ్మే ఆవిడది ఏలూరు పక్క. గడియారాలు బాగుచేసే ఆయనది గుల్బర్గా. ఒకాయన తన ఊరి పేరు చెప్పలేక, "మా తాతకి తెలిసేది" అన్నాడు. సికింద్రాబాదు నిండా మనుషులున్నారు, సికింద్రాబాదు మాది అన్నవాడు మాత్రం లేడు. పొట్లం జేబులోంచి బయటికి రాలేదు.

చివరికి చర్చికి చేరాం. ప్రార్థన ముగిసి జనం వెళ్ళిపోయారు. ఆర్గన్ వాయించే టీచరమ్మ ఒక్కరే పుస్తకాలు సర్దుకుంటున్నారు. తమిళం ఆవిడ, ఆవిడది వేలూరు అని తాత ముందే నా చెవిలో వేశాడు. గోడల నిండా పాలరాతి పలకలు, వాటి మీద ఇంగ్లీషులో పేర్లు. మా లీడరు చెప్పే గొప్పవాళ్ళు వీళ్ళే. వీటిని చదివి తెలుగులో చెప్పమని టీచరమ్మని అడిగాను. ఆవిడ చల్లగా, ఓపిగ్గా ఒక్కో రాయి ముందూ నిలబడి చెప్పారు. ఈయన ఒక కర్నలు, స్కాట్లండులో ఓ పల్లెటూళ్ళో పుట్టాడు. ఈయన డాక్టరు, జ్వరాలకి మందిస్తూ తానే జ్వరంతో పోయాడు, ఎక్కడో సముద్రపొడ్డున పుట్టాడు. రాళ్ళు కూడా నోరున్నట్టు అదే జవాబు చెబుతున్నాయి!

ఓ మూల కిటికీ కింద చిన్న పలక ఉంది. ఒక ఆడమనిషి పేరు. మా బడిని మొదలుపెట్టిన దొరసాని అట. పెళ్ళి చేసుకోలేదు, వెనక్కి పోలేదు. మిగతా పలకల మీద పుట్టిన ఊరు చెక్కి ఉంటే, ఈవిడ పేరు కింద పుట్టిన ఊరే లేదు. "సికింద్రాబాదుకు చెందిన" అని మాత్రం ఉంది. టీచరమ్మ ఆ ముక్క రెండుసార్లు చదివారు. తన పలక మీద అలాగే రాయించమని ఆవిడే చెప్పి పోయిందట.

నేను గబుక్కున తాత జేబు వైపు చూశాను. తాత పొట్లం తీసి ఆ రాయికేసి చూపించాడు. "గెలిచినవమ్మా దొరసానీ, జెర ఆలస్యమైంది. ఇప్పుడెట్ల తింటవ్?" అన్నాడు. టీచరమ్మ చర్చిలో ఉన్నానన్న సంగతి మరిచిపోయి పగలబడి నవ్వారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక అడిగాను. "మరి మీదే ఊరు, తాతా?" ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "మాది నల్గొండ దిక్కు పల్లె. దొరల పల్లకి మోయనీకి మా ముత్తాత ఈడికొచ్చిండట. గప్పటిసంది గీడనే పుట్టినం, గీడనే సచ్చినం. అయినా ఎవలన్న అడిగితే నా నోట్లకెళ్ళి గా పల్లె పేరే వస్తది. నాకు సుత బిస్కెట్లు దొరకవు." ఇద్దరం నవ్వుకున్నాం. ఆ క్షణాన నేను ఒక్క మాట అని పొట్లం అందుకోవచ్చు, నాకు తట్టింది కూడా. నోరు రాలేదు. బొబ్బిలిలో మా అమ్మమ్మ, ఆవిడ పెట్టే ఆవకాయ, వాకిట్లో నందివర్ధనం చెట్టు, అన్నీ కళ్ళ ముందు నిలబడ్డాయి. బిస్కెట్ల కోసం వాళ్ళని కాదనుకున్నట్టు అవుతుందని భయం వేసింది. తాత నన్ను తొందరపెట్టలేదు, పొట్లం విప్పలేదు. నాకు కావలసినంత టైము ఉందన్నట్టు చెప్పుల్లోంచి రాయి దులుపుకుని లేచాడు.

సోమవారం క్లాసులో టీచరు విషయం తీసేసరికి నేను లేచాను. నిన్నటి అలవాటు ఇంకా నోట్లోనే ఉంది. లీడరు వైపు తిరిగి, "మీదే ఊరు?" అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "మాది జనగాం" అనేసి, నాలుక కరుచుకుంది. క్లాసంతా ఒకరి మొహాలొకరు చూసుకుంది. పక్క బెంచీ నుంచి ఎవరో అడగకుండానే "మాది భువనగిరి" అన్నారు. ఆ తర్వాత క్లాసులో ఊళ్ళ పేర్లు వానలా కురిశాయి, ఒక్కరిదీ సికింద్రాబాదు కాదు. టీచరు నవ్వాపుకుంటూ, "సరే, చెప్పవే తల్లీ, నువ్వే చెప్పు" అన్నారు. లీడరు ఆ సాయంత్రమే నా పక్కన కూర్చుని, జనగాంలో తను ఎప్పుడూ ఒక రాత్రి కూడా పడుకోలేదని చెప్పి, నాతో పాటు తనూ నవ్వింది. మంచి పిల్లే, ఉత్తినే పొడుగు.

బడి పండుగ రోజు నా ఉపన్యాసంలో కర్నలూ డాక్టరూ దొరసానీ వచ్చారు, బేకరీ సేఠ్, పహిల్వాన్, డాక్టరమ్మ కూడా వచ్చారు. మైకు పాడవ్వలేదు, అయినా నేను గొంతు తగ్గించలేదు. చప్పట్లు అయ్యాక బిషప్పు గారు నన్ను దగ్గరికి పిలిచారు. నా యాస ఆయనకి కొత్తగా అనిపించినట్టుంది. నలుగురికీ వినబడేలా, "బాగా చెప్పావు పాపా, మీదే ఊరు?" అన్నారు.

ఆ ప్రశ్న ఎప్పుడూ వచ్చేదే, నేనే దానికి కొత్తగా నిలబడ్డాను. చివరి వరసలో తాత కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"పుట్టింది బొబ్బిలి అండి" అన్నాను. "ఊరు సికింద్రాబాదండి."

బిషప్పు గారు నవ్వి, "నాకు ఈ సంగతి ఇన్నేళ్ళకి కూడా తోచలేదు. ఎవరడిగినా తిరునల్వేలి అంటాను" అన్నారు. ఆ మాట పూర్తికాకముందే చివరి వరసలో తాత లేచి నిలబడి, సభ అనీ, బిషప్పు గారు అనీ చూడకుండా పొట్లం పైకెత్తి ఊపాడు. "గెలిచింది! మా బిడ్డ గెలిచింది!" అని అరిచాడు. ఆ పొట్లంలో బిస్కెట్లు అప్పటికి పొడి పొడి అయిపోయాయి. నేనూ లీడరూ ఆ పొడి దోసిట్లో పోసుకుని నాకాం. ఇన్నేళ్ళుగా బేకరీల్లో ఎన్నో రకాలు తిన్నాను గానీ, ఆ పొడి రుచి ఇంక దేనికీ రాలేదు.

ఇప్పుడు నాకు వయసు బాగానే మీద పడింది. ఉన్నది ఇంకా ఈ ఊళ్ళోనే, ఒక అపార్ట్‌మెంటులో. తాతా లేడు, సేఠ్ బేకరీ స్థానంలో మొబైల్ ఫోన్ల కొట్టు వచ్చింది. బొబ్బిలి నా నోట్లోనూ మా ఇంటి ఆవకాయ జాడీలోనూ ఇంకా ఉంది. మా అపార్ట్‌మెంటులోకి వచ్చే వాళ్ళు ఒకరు ఒరిస్సా, ఒకరు బీహారు, ఒకరు మా బొబ్బిలి పక్క శ్రీకాకుళమే. సామాన్లు లిఫ్టులో ఎక్కించుకుంటుంటే వాళ్ళ పిల్లలు బిక్కమొహాలు వేసుకుని మెట్ల దగ్గర నిలబడతారు. నేను బిస్కెట్ల పొట్లం పట్టుకుని కిందికి దిగుతాను. తెలిసినవాళ్ళందరికీ వింతగా ఉంటుంది గానీ, ఆ పిల్లల్ని నేను ఎప్పుడూ "మీదే ఊరు?" అని అడగను. పొట్లం విప్పి చేతిలో పెట్టి, "మన ఊరు ఎలా ఉంది?" అని అడుగుతాను.