మచ్చ లేని నాలుక

దయ్యాలనూ చేతబడులనూ నమ్మేవాళ్లంటే నాకు జాలి లేదు, కోపం ఉంది. ఆ నమ్మకాల వల్ల చచ్చేది నమ్మేవాళ్లు కాదు, వాళ్ల ఇళ్లలోని పసిపిల్లలు. నేను బి.ఎస్సీ. చదివాను. కాలేజీ రోజుల్లో శ్మశానం పక్క దారిన ఒంటరిగా నడిచి హాస్టలుకు పోయేదాన్ని. కింద రాసింది చదివి, "ఈమె కూడా అంతే" అనుకుంటారని తెలుసు. అనుకోండి. పాప నిద్రపోయింది, ఇల్లు సద్దుమణిగింది, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది సుల్తానాబాద్. మా ఆయనకు బియ్యం మిల్లు ఉంది. మూడేళ్ల కింద హైదరాబాదు నుంచి ఒక పాత నల్ల కారు కొని తెచ్చాడు. నడపడానికి యూసుఫ్ భాయ్ అనే పెద్దాయనను పెట్టుకున్నాం. కారు వచ్చింది రోహిణి కార్తెలో. మా అత్తమ్మ దాన్ని ముందు పోచమ్మ గుడికి తీసుకుపోవాలన్నది. పొద్దున పోయినవాళ్లం పూజ అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. కారు అంతసేపూ ఎండలోనే ఉంది. ముందరి అద్దం మీద చెయ్యి పెట్టబోతే చుర్రుమన్నది.

అత్తమ్మ రంజన్ కుండలోంచి ముంచిన చల్లటి నీళ్లలో పసుపు కలిపి, వేపమండ వేసి, చెంబుతో అమ్మవారి పేరున కారుకు సాక పోయడానికి వచ్చింది. నేను అడ్డం పోయాను.

"అత్తమ్మా, చక్రాలకు పొయ్యుర్రి, అద్దానికి వద్దు. మస్తు కాగింది, పగులుతది."

"అమ్మకు పోసే సాకకు అద్దం పగులుతదా? ఏ బుక్కుల ఉన్నది?"

"రోహిణి కార్తెల రోళ్లే పగులుతయని మీరే అంటరు గద. గిది అద్దం."

అందరూ నవ్వారు. ఆమె పోసింది. 'టిక్' మన్నది. నీళ్లు పడ్డ చోటు నుంచి పగుళ్లు ఎండిన కొమ్మల్లా అద్దమంతా పాకాయి.

నేను గెలిచాననుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని! వేడి గాజు మీద చల్లటి నీళ్లు పడితే ఏమవుతుందో బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ గుడి ముందు నిలబడి అత్తమ్మ అందరికీ వినబడేట్టు అన్న మాట వేరు.

"నీళ్లకు పగల్లే. దీని నోటికి పగిలింది. దీని నాలిక మీద మచ్చున్నది. అన్నదంటే అయితది."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నాకు నోరు లేకుండా పోయింది. కుండ పొయ్యి అంచున ఉంది, పడుతుందన్నాను, పడింది. అదీ నా నాలుకే. అంచున పెట్టిన కుండ పడక ఏం చేస్తుంది? ఆవుకు కడుపు ఉబ్బింది, వైద్యుణ్ని పిలవమన్నాను. పిలవలేదు, చచ్చింది. అదీ నేనే. పక్కింటి కోడలు నీళ్లాడే నెలల్లో నేను ఎదురైతే కడుపు మీద కొంగు కప్పుకునేది. నాకు మచ్చ లేదు. చేతి అద్దంలో నాలుక చాపి చూసుకున్నాను. చూసుకున్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

తర్వాతి మాఘమాసంలో మా పాప వసంతకు తట్టు పోసింది. అప్పటికి దానికి ఏడాదిన్నర. గుమ్మానికి వేపాకు కట్టారు. ఇంట్లో పోపు పెట్టడం మానేశారు. అంతవరకు నేనూ నోరు మూసుకున్నాను. వేపాకుతో నష్టం లేదు. అయిదో రోజు పొక్కులు మాడుతున్నాయి గాని జ్వరం మళ్లీ ఎగిసింది. దగ్గు. పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. మా ఆయన చేతి గడియారం పెట్టుకొని లెక్కపెట్టాను. నిమిషానికి అరవై ఎనిమిది ఊపిరులు. రొమ్ము ఇస్తే పట్టలేదు.

కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోతానన్నాను. అత్తమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"అమ్మ ఇంట్ల ఉన్నప్పుడు సూదులు పొడిపిస్తవా? పొలిమేర దాటియ్యద్దు. తొమ్మిదొద్దులు అయినంక పోదువు."

మా ఆయన దగ్గరికి పోయాను. కారు తాళంచెవి ఆయన జేబులో ఉంది. చదువుకున్న మనిషే. నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఒక్క దినం ఆగు. అవ్వ మాట తీసెయ్యద్దు."

నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఇప్పుడు పోకపోతే ఏమవుతుందో చెప్పాలి. నేను నోరు తెరవగానే అత్తమ్మ రెండు చెవులూ మూసుకొని అరిచింది. "అనకు! పిల్లను ఏమనకు! కారద్దాన్ని అన్నట్టు పిల్లను గూడ అంటవా?"

అంటే నేను భయం చెబితే అది శాపం. చెప్పకపోతే పిల్ల దక్కదు. ఒక తల్లిని ఇంతకంటే బాగా ఎవరు కట్టెయ్యగలరు? బస్సు పోయి గంటయింది. మళ్లీ రేపు పొద్దునే.

వాకిట్లో పందిరి కింద కారు ఉంది. అద్దం కొత్తది, వేసి ఏడెనిమిది నెలలు. నేను అరుగు మీద నిలబడి, పిల్లను భుజాన వేసుకొని, దాని వైపు చెయ్యి చాపి అరిచాను.

"పిల్లను అనను. అద్దాన్నే అంట. నా నాలిక మీద మచ్చే ఉంటే, గా అద్దం గూడ పగ..."

మాట పూర్తి కాలేదు. 'టప్' మన్నది. ఎడమ పైమూలలో మొదలైన గీత కుడి కిందికి దిగింది. ఒక్కసారిగా కాదు. ఎవరో సుద్దముక్కతో గీస్తున్నట్టు, మూడు నాలుగు క్షణాలు పట్టింది. నలుగురం చూశాం.

సాక్ష్యంగా చెప్పవలసినవి చెబుతాను. సాయంత్రం నాలుగు కావస్తోంది. ఆ రోజు ఎండ లేదు, పొద్దుటి నుంచి మబ్బే. కారు రెండు రోజులుగా కదల్లేదు. ఇంజను చల్లగా ఉంది. దాని మీద నీళ్లు పడలేదు, రాయి పడలేదు. యూసుఫ్ భాయ్ కారుకు దూరంగా మెట్టు మీద కూర్చొని బీడీ వెలిగించుకుంటున్నాడు. నాకూ కారుకూ మధ్య పదిహేను అడుగులైనా ఉంటాయి.

ముందు కదిలింది అత్తమ్మ. గుమ్మం వదిలి గోడకు ఒదిగి పోయింది.

"తాళం ఇయ్యిరా! పోనియ్యి దాన్ని, పోనియ్యి! పిల్లను ఏమన్న అనకముందే పోనియ్యి!"

మా ఆయన తాళంచెవి నా చేతికి ఇవ్వలేదు. అరుగు మీద పెట్టి వెనక్కి జరిగాడు.

పదహారు మైళ్లు. యూసుఫ్ భాయ్ మెడ పక్కకు వంచి, ఆ గీత కింది నుంచి రోడ్డు చూస్తూ నడిపాడు. గుంత వచ్చినప్పుడల్లా అద్దం కిర్రుమనేది. ఊడి మీద పడుతుందేమోనని వసంత మొహం మీద కొంగు కప్పి, మళ్లీ ఊపిరాడదేమోనని తీసి, అట్లా పోయాను. ఆయన ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు.

"నన్ను చూసి భయమైతుందా, యూసుఫ్ భాయ్?"

"అదేం లేదమ్మా." ఒక గుంత తప్పించి అన్నాడు. "గని జర మీరు ఏం మాట్లాడకుర్రి. రోడ్డు మంచిగ లేదు."

ఆసుపత్రిలో న్యుమోనియా అన్నారు. పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మూడో రోజు పొద్దున వసంత పాలు అడిగింది. ఎనిమిది రోజులున్నాం. ఇంకొక్క రాత్రి ఆలస్యమైతే ఏమై ఉండేదో లేడీ డాక్టరు చెప్పింది. ఆ మాట ఇక్కడ రాయను.

ఆ ఎనిమిది రోజుల్లో ఒకనాడు, కరీంనగర్ లోనే కారు అద్దాలు మార్చే ముసలాయన దగ్గరికి కారు తీసుకొని నేనే పోయాను. మొదటి అద్దం తీసి ఇది బిగించింది ఆయనే. బిగింపు ఎక్కువై, చట్రం నొక్కి పగిలి ఉంటుందని నా అనుమానం. అదే అయి ఉండాలని నా ఆశ. ఆయన రబ్బరు ఊడదీసి, అంచు పొడుగునా గోరుతో తడిమి చూశాడు.

"దెబ్బ మచ్చ లేదు బీబీ. బిగువు గూడ లేదు, సక్కగనే కూసున్నది. దానంతట అదే పగిలింది. కొన్ని అట్ల పగులుతయి."

తెలుసు. గాజు చల్లారేటప్పుడు లోపల ఒత్తిడి మిగిలిపోతుందని, అది ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుందని నేనూ చదివాను. ఎప్పుడో ఒకప్పుడు. ఏడెనిమిది నెలలు ఎండకు ఆగింది, గుంతల రోడ్డుకు ఆగింది. నా నోట్లో మాట సగంలో ఉన్నప్పుడే దానికి సమయం వచ్చిందా? ఈ ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు. అడిగితే అత్తమ్మ గెలుస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో నా మాటకు ఎదురు లేదు. ఆసుపత్రి అంటే ఆసుపత్రి. టీకా అంటే టీకా. దీన్ని గౌరవం అనుకునేవాళ్లకు ఒక్కటి చెబుతాను. కారణం చూపించి, బతిమాలి చెప్పిననాడు ఒక్కరు వినలేదు. మంత్రగత్తెలా అరిచిననాడు తలుపు తెరిచారు. నా బిడ్డను నా చదువు బతికించలేదు. చదువుకున్న నేను ఈ మాట రాయవలసి రావడం కంటే అవమానం లేదు.

ఆ అద్దం ఎందుకు పగిలిందో నాకు తెలియదు. నా మాటకు పగిలిందని నమ్మను. కాదని రుజువు చెయ్యలేను.

పోయిన నెల వసంతకు మళ్లీ దగ్గు వచ్చింది. ఎవరినీ అడగకుండా కరీంనగర్ తీసుకుపోయాను. అదే లేడీ డాక్టరు. గుండె, వీపు చూసి, భయం లేదన్నది. మందు రాస్తూ, నన్ను గుర్తుపట్టి నవ్వింది. "మీరు బి.ఎస్సీ. కదా? ఈ దగ్గును అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో మీరే చెప్పండి, చూద్దాం."

నాకు తెలుసు. ఊపిరితిత్తుల బొమ్మ గీసి చెప్పగలను. వసంత నా ఒళ్లో కూర్చొని నా నోటి వైపే చూస్తోంది. నేను నోరు తెరిచి, మూసుకున్నాను.

నాకు తెలియదనుకుంది డాక్టరమ్మ. అక్షరం రానివాళ్లకు చెప్పినట్టు, వేళ్లు మడుస్తూ, నెమ్మదిగా మొదటి నుంచి చెప్పుకొచ్చింది. నేను తల ఊపుతూ అంతా విన్నాను.