చుట్టాలకు పోసే నీళ్ళు

పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు నల్లా వచ్చింది. భూపాలపల్లిలో మా సారు ఇల్లు అది. ఆయన పోయి అప్పటికి నాలుగో రోజు. మహబూబాబాదు నుంచి వచ్చి రెండు రోజులుగా అక్కడే ఉన్న నేను వంటింటి గడప దగ్గర కూర్చుని చూస్తున్నాను. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, బిందెలో కొన్ని నీళ్ళు పట్టి, తిప్పి, పారబోసింది. మళ్ళీ పట్టి మళ్ళీ పారబోసింది. మూడోసారి కూడా అలాగే చేసి, అప్పుడు నింపింది. నీటి పరీక్షకు నమూనా పట్టే సీసాను కడిగే పద్ధతి అది. ఏ నీళ్ళు పట్టబోతున్నామో ఆ నీళ్ళతోనే సీసాను మూడుసార్లు కడగాలని నాకు నేర్పింది మా సారే. నేను చూస్తున్నానని గమనించి, అక్క నేను వచ్చాక మొదటిసారి నవ్వింది.

“మీ సారు అంటించిన రోగమే ఇది. ఆయనతోని సంసారం జేసి జేసి నా బిందెలు గూడ సీసాలైనయ్.”

మన తరం వాళ్ళకు బోరింగులు గుర్తుండే ఉంటాయి. చేతి పంపును అప్పుడు అందరం బోరింగనే అనేవాళ్ళం. నేను రసాయనశాస్త్రం చదివి జనగామలోని చిన్న నీటి పరీక్షశాలలో తాత్కాలిక ఉద్యోగంలో చేరింది ఆ రోజుల్లోనే. పరీక్షశాల అంటే రెండు గదులు, ఒక తరాజు, గాజు సామాను. దానికి మా సారు అధికారి. ఊరూరా తిరిగి బోరింగు నీళ్ళు తెచ్చి అందులో ఫ్లోరైడు ఎంతుందో చూడడం మా పని. నీళ్ళలో ఒక ఎర్రటి మందు కలిపితే, ఫ్లోరైడు ఎక్కువైన కొద్దీ ఆ ఎరుపు వెలిసిపోతుంది. ఎరుపు నిలిస్తే ఫ్లోరైడు భయం లేదు. వెలిసిపోతే ఆ నీళ్ళు తాగే పిల్లల పళ్ళు గారపడతాయి, ఏళ్ళు గడిస్తే పెద్దల కీళ్ళు బిగుసుకుపోతాయి. ఆ ఎండాకాలం, చెడ్డ బోరింగులున్న ఊళ్ళ జాబితా ఒకటి జిల్లా కేంద్రం వరంగల్‌కు పంపాల్సి ఉంది. జాబితాలో ఉన్న ఊరికి వెంటనే ట్యాంకరు నీళ్ళు, తర్వాత పైపులైను. లేని ఊరికి మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.

బచ్చన్నపేట అవతల ఒక తండాకు నేను ఒక్కదాన్నే పోయాను. అప్పటికే మూడు ఊళ్ళు తిరిగాను. ఒక్కో చోట సీసా పట్టే ముందు చాలాసేపు నీళ్ళు కొట్టి పారబోయాలి కాబట్టి అరచేతులు బొబ్బలెక్కాయి. గుడిసె ముందు కూర్చున్న ఒక అవ్వ నా చేతులు చూసి, తమ భాషలో కోడలితో ఏదో అని, నా వైపు తిరిగింది.

“కూసో బిడ్డా. ఎండల వడి వచ్చినవ్. సీసాలు నాకియ్యి, నీళ్ళు నేను తెస్త.”

తాగే నీళ్ళే కావాలని చెప్పి ఇచ్చాను. కోడలు నిండు చూలాలు, నడుము మీద చెయ్యి వేసుకుని నాకు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది, తియ్యగా ఉన్నాయి. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. అవ్వ ఎంతసేపటికి వచ్చిందో చూసుకోలేదు. సీసాల మీద బోరింగు నీళ్ళు అని రాసుకుని బస్సెక్కాను. మర్నాడు పరీక్ష చేస్తే ఎరుపు చెక్కుచెదరలేదు. ఆ తండాను మంచి నీళ్ళున్న ఊళ్ళ కింద రాశాను.

జిల్లా కేంద్రంలో జాబితా మీద సంతకాలు పడడానికి ముందు రోజు మా సారు కాగితాలన్నీ ముందేసుకుని నన్ను పిలిచారు. తండాకు అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ళలోనూ రంగు పూర్తిగా వెలిసింది, మధ్యలో ఈ తండా ఒక్కటే బాగుంది. అట్లా ఉండకూడదని ఏమీ లేదు, భూమి లోపల రాయి ఎక్కడెట్లా ఉంటుందో చెప్పలేం. కానీ ఆయన అడిగింది రాయి గురించి కాదు.

“నీళ్ళు ఎవరు కొట్టిండ్రమ్మా?”

జరిగింది చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన లేచి చెప్పులేసుకున్నారు.

మమ్మల్ని చూసి అవ్వ సంబరపడింది. ఆ సీసాలలో నీళ్ళు ఎక్కడివని సారు అడిగితే, మెట్ట చెలక అవతల ఉన్న మోటబావి వైపు చేయి చూపింది. మండుటెండలో అంత దూరం నడిచి తెచ్చింది.

“ఈ బిడ్డకు కావాల్సింది బోరింగు నీళ్ళు కదవ్వా?”

“ఏంది సారూ గా మాట! ఆ నీళ్ళతోని పప్పే ఉడకదు. ఇంటికచ్చిన ఆడివిల్లకు గవి వోస్తమా? చుట్టాలకు వోసే నీళ్ళు వోసిన. అవ్వి సర్కారు తాగుతదేమో అనుకున్న. సర్కారు ముంగట ఇజ్జత్ వోదా?”

“మరి మీరు?”

“మేమా? మేం గవే తాగుతం. దినాం గంత దూరం ఎవలు వోతరు?”

నేను నర్సింహులపేటలో పెరిగిన దాన్ని. మా ఇంట్లోనూ వచ్చిన వాళ్ళకు పోసే నీళ్ళు వేరే బిందెలో, మూత పెట్టి ఉండేవి. మా అమ్మ వాటిని మమ్మల్ని ముట్టనిచ్చేది కాదు. తాగే నీళ్ళు కావాలని ఒక అతిథి అడిగితే ఏ ఇంటి ఆడమనిషైనా ఏం తెస్తుందో అందరికన్నా నాకు తెలిసి ఉండాలి. ఎన్నో పుస్తకాలు చదివి ఆ ఒక్కటి మరిచిపోయాను. అప్పుడే అవ్వ పెద్ద మనవరాలు వచ్చి నిలబడింది. ఏడెనిమిదేళ్ళ పిల్ల, నవ్వితే ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు. పప్పు ఉడకకపోవడానికి కారణం వేరే లవణాలు, ఆ సంగతి నాలుకకు తెలుస్తుంది. ఫ్లోరైడుకు రుచి లేదు, అందుకే పళ్ళ సంగతి నీళ్ళ వల్లనని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

సారు చొక్కా చేతులు మడిచి తానే బోరింగు కొట్టారు. బట్టతల మీద చెమటలు కారుతుంటే చుట్టూ చేరిన ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు.

“సారూ, నౌకరి ఇడిసిపెట్టి మాతోని కూలికి రా. చెయ్యి మంచిగున్నది.”

“కూలి ఎంతిస్తరు?” అన్నారాయన, ఆపకుండా.

“పొద్దుమీకి ఒక బిందెడు నీళ్ళు!” అంది అవ్వ. నేను కూడా నవ్వాను కానీ నా కళ్ళు కోడలి మీదే ఉన్నాయి. నా కాగితం అట్లాగే పోయి ఉంటే పుట్టబోయే బిడ్డ కూడా ఆ నీళ్ళే తాగి పెరిగేది.

ఆ సాయంత్రం పరీక్షశాలలో రంగు మా కళ్ళ ముందే వెలిసిపోయింది. సవరణ నేను రాయబోతే సారు కాగితం లాక్కున్నారు. తాత్కాలికంగా పనిచేసే వాళ్ళ తప్పు కాగితం మీదికి వస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నమూనా సేకరణలో పొరపాటు తన పర్యవేక్షణలో జరిగిందని ఆయన తన చేతితో రాసి, సంతకం పెట్టి, తెల్లారి మొదటి బస్సుకు వరంగల్ పోయి స్వయంగా ఇచ్చి వచ్చారు. టైపు చేసి ఉన్న జాబితా అడుగున తండా పేరు పెన్నుతో రాయించారట. సంతకాలు ఆ మధ్యాహ్నమే అయ్యాయి. ఈ సంగతి ఆయన తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా ఎంత పెద్ద మేలో ఉద్యోగం చేసిన వాళ్ళకు తెలుస్తుంది.

కోడలి కానుపు నాటికి ట్యాంకరు వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత పాలకుర్తిలో ఆటో దిగుతుంటే ఆమే నన్ను గుర్తుపట్టింది. ఆ కడుపున పుట్టిన పిల్ల వెంట ఉంది, పళ్ళు తెల్లగా ఉన్నాయి. పెద్దదాని పెళ్ళయిందని, ఇప్పటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతుందని చెప్పింది. దానికి మేం ఆలస్యంగా పోయాం. అవ్వ అప్పటికే లేదు.

భూపాలపల్లిలో ఆ పొద్దున అక్క నల్లా కట్టేశాక సారు పాత నోటుబుక్కులు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆ తండా నుంచి వచ్చిన రోజునే ఆయన ప్రతి నమూనాకూ మూడు వరుసలు రాసే అలవాటు పెట్టారు, నాతోనూ పెట్టించారు. సీసా చీటీ మీద కూడా అవే రాయాలి. ఆ రోజు పేజీ దొరికింది. నేను మొదట తెచ్చిన సీసా పేరున ఆయన చిన్న అక్షరాలతో ఇలా రాశారు: తోడినది అవ్వ. ఎక్కడివి, చెలక బావి. తాగేది, చుట్టాలు. నాకు జీతం ఇచ్చిన వాళ్ళు చాలామంది ఉన్నారు. పని నేర్పిన వాళ్ళు ఈ ఇద్దరే, ఒకరు ఈ నోటుబుక్కు రాసిన మనిషి, ఒకరు ఇందులో పేరు లేకుండా ఉన్న అవ్వ.

నీళ్ళు పరీక్షించే పని ఇప్పటి పిల్లలు మాకన్నా బాగా చేస్తున్నారు. బోరు ఎక్కడుందో ఫోనే చెబుతుంది, యంత్రం ఒక్క పూటలో పది రకాల లెక్కలు తీసి ఇస్తుంది. అవి మాకు లేకపోయాయే అనుకుంటాను తప్ప నాకు ఫిర్యాదు లేదు. సీసా చీటీ మీద నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది. ఆ నీళ్ళు ఎవరు తాగుతారో ఇప్పుడు రాయడం లేదు.