కుడికాలు నాయనమ్మది, ఎడమకాలు అమ్మమ్మది

నాకు ఏడేళ్లప్పుడు, విరేచనాలు తగ్గిన కొన్నాళ్లకు, అరికాళ్లలో చీమలు పాకినట్టు మొదలైంది. ముందు కాళ్లు, ఆ తరవాత చేతులు పడిపోయాయి. మాది కొల్లేటి లంక. నాన్న నన్ను దోనెలో పడుకోబెట్టి ఒడ్డు చేర్చి, ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పోలియో కాదు, నరాల జబ్బన్నారు డాక్టరు గారు. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక పత్రికలో గిలాన్ బారే అనే నరాల జబ్బు గురించి చదివి, నాది ఇదే కాబోలు అనుకున్నాను.

చేతులు తిరిగొచ్చాయి. కాళ్లు రాలేదు.

"నడుస్తుందాండీ?" అని అమ్మ అడిగింది.

"చాలామంది పిల్లలు నడుస్తారమ్మా. కాళ్లు బిగుసుకోకుండా రోజూ ఆడిస్తూ ఉండండి."

ఇంటికొచ్చాక ఆ పని పంచుకున్నారు. కుడికాలు నాయనమ్మ తీసుకుంది. ఆకివీడు నుంచి వచ్చిన అమ్మమ్మకు ఎడమది మిగిలింది. నాయనమ్మది నువ్వుల నూనె, అమ్మమ్మది ఆముదం. ఒకరి కాలి జోలికి ఒకరు వెళ్లరు.

"అమ్మమ్మా, కుడికాలి మీద ఈగ."

"అది మీ నాయనమ్మ కాలమ్మా. నేను తోలితే ఆవిడేమనుకుంటారో."

తాడేపల్లిగూడెంలో పెళ్లికి వెళ్తూ నాయనమ్మ తన కాలిని నాన్నకు అప్పగించింది. తిరిగొచ్చేసరికి నా ఎడమ బొటనవేలు కదులుతోంది.

"ఆముదం గుణం వదినగారూ" అంది అమ్మమ్మ మెత్తగా.

"అబ్బే, మీది మొదట్నుంచీ తేలిక కాలు లెండి."

ఆ పూట నాయనమ్మ అన్నం ముట్టలేదు. తన కాలు కదిలేదాకా నన్ను లేపడానికి వీల్లేదంది. ఎడమ మోకాలు చక్కగా వంగుతున్నా నేను చాప మీదే ఉన్నాను. అమ్మ పొయ్యి ఊదుతూ నా కాళ్లకేసే చూసేది.

చివరికి కుడికాలూ కదిలింది. చెరో చంకా పట్టుకుని ఇద్దరూ నన్ను వాకిట్లో దడిదాకా నడిపించారు. అక్కడ వెనక్కి తిరగాలి. తిరగాలంటే ఎవరో ఒకరు అడుగు వెనక్కి వెయ్యాలి.

"మీరు కాస్త జరగండి వదినగారూ" అంది నాయనమ్మ.

"నేనెందుకండీ? ముందు నడిచింది మా కాలు."

"మా కాలు ఆసరా ఇస్తేనే కదండీ!"

చేతులు తిప్పుకుంటూ వాదించుకుంటున్నారు. ఆ చేతులు నా చంకల్లో ఉండాల్సినవి.

"ఏవండీ, రండి! పిల్ల నిలబడింది!" అని అమ్మ నాన్నను కేకేసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

వాళ్లిద్దరూ ఠక్కున నావైపు తిరిగారు. నేను ఊగుతూ నిలబడే ఉన్నాను. ఇద్దరూ వంగి నా పాదాలను పరీక్షగా చూశారు, బరువు ఎవరి దానిమీద ఎక్కువ పడుతోందోనని.

కుడి పాదం ఇప్పటికీ మెట్లకు తగులుతుంది. నాయనమ్మ ఉన్నన్నాళ్లూ ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.